సముద్రం పక్కన నడిచే సెలవులు: వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తీరబాటకు పూర్తి ప్లానింగ్ గైడ్

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామంది సెలవు దొరికితే కారు తీస్తారు. రెండు రోజుల్లో నాలుగు ఊళ్లు చుట్టేసి వస్తారు. ఆ దేశం అందం నిజంగా తెలియాలంటే మాత్రం కారు ఊళ్లోనే వదిలేసి నడవాలి. పొలాల మధ్య నుంచి, కొండ అంచుల వెంట, ఊరి నుంచి ఊరికి వేల మైళ్ల కాలిబాటలు అక్కడ చట్టబద్ధంగా అందరికీ తెరిచి ఉన్నాయి. టికెట్ లేదు, పర్మిట్ అక్కర్లేదు.

ఇలాంటి నడక గురించి మాట వస్తే అందరూ మొదట అడిగేది "మొత్తం ఎన్ని మైళ్లు?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ప్లాన్ సగం చెడినట్టే. రాత్రి ఎక్కడ పడుకుంటాం, బస్సు ఎక్కడ ఆగుతుంది, సముద్రం ఎప్పుడు దారి ఇస్తుంది అన్న మూడూ తేలితే మైళ్ల సంగతి దానంతట అదే తేలుతుంది. వేల్స్ నైరుతి కొసన ఉన్న పెంబ్రోక్‌షైర్ కోస్ట్ పాత్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ పద్ధతి మొత్తం చెబుతాను. బాట ఏదైనా పద్ధతి ఇదే.

ముందు బాట గురించి నాలుగు మాటలు

ఉత్తరాన సెయింట్ డాగ్మేల్స్ నుంచి దక్షిణాన ఆమ్రోత్ దాకా 186 మైళ్లు, అంటే దాదాపు 300 కిలోమీటర్లు. ప్రకృతి శాస్త్రవేత్త రొనాల్డ్ లాక్లీ 1950లలో దీని దారిని సర్వే చేశారు. 1970లో బాట తెరిచారు. 2012లో మొదలైన 870 మైళ్ల వేల్స్ కోస్ట్ పాత్‌లో ఇప్పుడు ఇది ఒక భాగం. నేషనల్ ట్రయిల్ (దేశస్థాయి గుర్తింపు ఉన్న దూరబాట) కాబట్టి దారి పొడవునా స్తంభాల మీద ఓక్ కాయ గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు కనబడుతున్నంతసేపూ దారి తప్పలేదని లెక్క.

మ్యాప్ మీద చూస్తే కొండలేమీ పెద్దవి కావు, బాటలో అత్యంత ఎత్తైన చోటు కూడా 200 మీటర్లు దాటదు. కానీ ప్రతి చిన్న వాగు దగ్గరా సముద్రమట్టం దాకా దిగి మళ్లీ ఎక్కాలి. మొత్తం బాటలో ఇలా ఎక్కేది సుమారు 35,000 అడుగులు, ఎవరెస్ట్ ఎత్తు కన్నా ఎక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు మొత్తం బాట పూర్తి చేయాలని అనుకోకపోవడమే మంచిది. దానికి రెండు వారాలకు పైగా పడుతుంది, చివరికి చూసింది తక్కువ, పరిగెత్తింది ఎక్కువ అవుతుంది. నాలుగైదు రోజుల ముక్క ఒకటి తీసుకుని తీరిగ్గా నడవండి. ఆ ముక్క ఉత్తరాన గుడిక్ నుంచి సెయింట్ డేవిడ్స్ మీదుగా బ్రాడ్ హేవెన్ దాకా అయితే మరీ మంచిదని నా అభిప్రాయం. ఎందుకో కింద చెబుతాను.

1. మైళ్లను గంటల్లోకి మార్చండి

విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. సమతలం మీద గంటకు 5 కిలోమీటర్లు వేసుకుని, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట కలపాలి. ఒక రోజు నడక 18 కిలోమీటర్లు, ఎక్కుడు మొత్తం 600 మీటర్లు అనుకుందాం. 3 గంటల 36 నిమిషాలకు ఒక గంట కలిపితే 4 గంటల 36 నిమిషాలు. ఇది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. ఫోటోలు, తిండి, గేట్లు తీయడం, బురద, సముద్రం వైపు చూస్తూ కూర్చోవడం అన్నీ కలిపి దానికి సగం జోడించండి. అంటే ఏడు గంటలు. ఉదయం 9:30కి బయల్దేరితే సాయంత్రం 4:30.

ఈ లెక్కతో చూస్తే అలవాటు లేనివాళ్లకు రోజుకు 10 నుంచి 12 మైళ్లు చాలు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని చూసి లెక్క వేయాలి, ముందు నడిచే మనిషిని చూసి కాదు.

ఎక్కుడు ఎంతో తెలియాలంటే బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ కావాలి. ఉత్తర పెంబ్రోక్‌షైర్‌కు ఓఎల్ 35, దక్షిణానికి ఓఎల్ 36. 1:25,000 స్కేలు కాబట్టి మ్యాప్ మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు, గళ్లు కూడా అంతే. నేషనల్ ట్రయిల్ ఆకుపచ్చ డైమండ్ చుక్కలతో ఉంటుంది. ఆ చుక్కల గీతను ఎత్తు గీతలు ఎన్నిసార్లు, ఎంత దగ్గరదగ్గరగా కోస్తున్నాయో చూస్తే ఆ రోజు మోకాళ్లకు ఎంత పని ఉందో ముందే తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. అయినా కాగితం మ్యాప్ సంచీలో ఉండాల్సిందే. అక్కడి వాగుల్లో, లోయల్లో సిగ్నల్ ఉండదు.

2. నెల ఎంచుకోవడం

నా ఓటు మే నెలాఖరు, జూన్ మొదటి సగానికి. కొండ అంచులంతా గులాబీ రంగు థ్రిఫ్ట్ పూలతో నిండి ఉంటాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. అదే తీరంలో ఉన్న స్కోమర్ దీవిలో పఫిన్ పక్షులను చూడాలన్నా జూలై ఆఖరులోపే వెళ్లాలి, తర్వాత అవి సముద్రం మీదికి వెళ్లిపోతాయి.

ఆగస్టులో పిల్లలకు సెలవులు, గదుల ధరలు మండిపోతాయి. సెప్టెంబర్ మళ్లీ ప్రశాంతం. ఆగస్టు చివరి నుంచి నవంబర్ దాకా గ్రే సీల్స్ అనే సముద్ర జంతువులు పిల్లల్ని కంటాయి, తెల్లటి బొచ్చుతో ఉన్న పిల్లలు కింద రాళ్ల ఒడ్డు మీద పడుకుని ఉండటం బాట మీద నుంచే కనిపిస్తుంది. పై నుంచే చూడండి, దగ్గరికి దిగకండి. మనుషుల అలికిడికి తల్లి బెదిరి పిల్లను వదిలేసే ప్రమాదం ఉంది. అక్టోబర్ చివర్లో గడియారాలు గంట వెనక్కి మారాక సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది, అప్పుడు రోజుకు 8 మైళ్లకు మించి పెట్టుకోవద్దు.

3. బస, బస్సు: రెండూ కలిపి ఆలోచించాలి

ఈ మొత్తం గైడ్‌లో ఒక్క విషయమే గుర్తుంటే ఇది గుర్తుండాలి: ఉదయం బస్సెక్కి దూరం వెళ్లండి, సాయంత్రం మీ బస దగ్గరికి నడిచి రండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బస దగ్గర నడక మొదలుపెట్టి, సాయంత్రం తెలియని ఊళ్లో ఆఖరి బస్సు కోసం గడియారం చూసుకుంటూ నడుస్తారు. ఆ రోజంతా సముద్రం మీద కన్నా టైమ్ మీదే ధ్యాస. బస్సు పని పొద్దున్నే అయిపోతే ఆ తర్వాత రోజంతా మీదే.

దీనికి ఒకటి రెండు చోట్ల మకాం పెట్టి, రోజూ అక్కడి నుంచే నడవడం సులువు. మకాం మారని రోజుల్లో పెద్ద బ్యాగులు గదిలోనే ఉంటాయి. ఊరూరా బస మారుస్తూ నడవాలనుకుంటే బ్యాగును తర్వాతి బసకు చేర్చే లగేజీ ట్రాన్స్‌ఫర్ సర్వీసులు ఉన్నాయి, కానీ ప్రతి ఊళ్లో గది దొరకాలి. శనివారాల్లో ఒక్క రాత్రికి గది ఇవ్వని బీ అండ్ బీలు (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే చిన్న బసలు) చాలానే ఉంటాయి. ఈ కారణం వల్ల కూడా మకాం పద్ధతే నయం.

హేవర్‌ఫర్డ్‌వెస్ట్, సెయింట్ డేవిడ్స్, ఫిష్‌గార్డ్ ఊళ్లను కలుపుతూ టీ11 బస్సు తిరుగుతుంది. దీనికి తోడు వేసవిలో పఫిన్ షటిల్ లాంటి పేర్లతో కోస్టల్ బస్సులు చిన్న ఊళ్లలోకీ వస్తాయి. పల్లెదారుల్లో స్టాప్ లేకపోయినా, డ్రైవర్‌కు బాగా కనిపించే చోట నిలబడి చెయ్యెత్తితే ఆపే పద్ధతి ఉంది. అయితే రూట్లు, టైములు ఏటా మారతాయి. గది బుక్ చేసే ముందే ఆ సీజన్ టైమ్ టేబుల్ తెరిచి చూడండి, ముఖ్యంగా ఆదివారం సంగతి.

టెంట్ వేసుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట. స్కాట్లండ్‌లో 2003 చట్టం ప్రకారం బయట టెంట్ వేసే హక్కు ఉంది. వేల్స్‌లో లేదు, స్థలం యజమాని అనుమతి కావాలి. బాట పొడవునా క్యాంప్‌సైట్లు ఉన్నాయి, అక్కడ వేసుకోండి.

4. ఐదు రోజుల నడక

మొదటి రెండు రాత్రులు గుడిక్ లేదా ఫిష్‌గార్డ్‌లో, తర్వాతవి సెయింట్ డేవిడ్స్‌లో అనుకుని చెబుతున్నాను. దూరాలు సుమారుగా. మొదటి రెండు రోజుల మధ్య మజిలీ అయిన పుల్‌డెరి దగ్గర ఊరంటూ లేదు. అక్కడికి బస్సు నడిచే రోజులను బట్టే మీ తేదీలు పెట్టుకోండి, లేదంటే టాక్సీ మాట్లాడుకోండి.

మొదటి రోజు పుల్‌డెరి నుంచి గుడిక్‌కు, 10 మైళ్లు. దారిలో స్ట్రంబుల్ హెడ్ లైట్‌హౌస్ ఉంది, 1908లో కట్టింది. ఆ తర్వాత కారెగ్‌వాస్టాడ్ అనే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొమ్ము వస్తుంది. 1797లో ఫ్రెంచ్ సైనికులు దిగింది అక్కడే, బ్రిటన్ నేల మీదికి జరిగిన ఆఖరి దండయాత్ర అది. రెండు రోజుల్లోనే లొంగిపోయారు.

రెండో రోజు పుల్‌డెరి నుంచి ట్రెవిన్‌కు, 9 లేదా 10 మైళ్లు. జనం అసలు కనిపించరు. దారిలో అంగడి లేదు, నీళ్లు, తిండి పొద్దున్నే కట్టుకోండి. సాయంత్రం ట్రెవిన్ నుంచి సెయింట్ డేవిడ్స్‌కు మకాం మార్చే రోజు కాబట్టి బస్సు పద్ధతి ఈ రోజు తిరగబడుతుంది. అందుకే పెందలాడే బయల్దేరాలి.

మూడో రోజు ట్రెవిన్ నుంచి వైట్‌శాండ్స్ బీచ్‌కు, 11 మైళ్లు. మొత్తం బాటలో నాకు ఎక్కువ ఇష్టమైన రోజు ఇదే. పోర్త్‌గైన్‌లో ఒకప్పుడు రాయి పిండి కొట్టి ఓడల్లోకి ఎక్కించిన పెద్ద ఇటుక తొట్లు రేవు మీద ఇంకా నిలబడి ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం అక్కడే చేయండి. కొంచెం ముందుకెళితే అబరైడీ, పాత పలకరాయి గనిలోకి సముద్రం చొచ్చుకొచ్చి ఏర్పడిన బ్లూ లగూన్ అక్కడ ఉంది. వైట్‌శాండ్స్ నుంచి సెయింట్ డేవిడ్స్ రెండు మైళ్లు.

నాలుగో రోజు వైట్‌శాండ్స్ నుంచి సాల్వాకు, 13 మైళ్లు. అందమైన రోజే కానీ పొడుగు. ఎదురుగా రామ్సీ దీవి, మధ్యలో ఉరుకుతున్న నీళ్లు. అలసిపోతే మధ్యలో పోర్త్‌క్లైస్ లేదా సెయింట్ నాన్స్ దగ్గర ఆపేసి ఊళ్లోకి వెళ్లిపోవచ్చు. రెండూ సెయింట్ డేవిడ్స్‌కు మైలు దూరంలోనే. ఈ వెసులుబాటు వల్లే మొదటిసారి వాళ్లకు ఈ ముక్క చెబుతున్నాను. సెయింట్ డేవిడ్స్ బ్రిటన్‌లోకెల్లా చిన్న నగరం, జనం రెండు వేలు కూడా ఉండరు, కానీ పెద్ద కెథెడ్రల్ ఉంది. దానికోసం ఒక సాయంత్రం ఉంచుకోండి.

ఐదో రోజు సాల్వా నుంచి బ్రాడ్ హేవెన్‌కు, 11 మైళ్లు. సాల్వా, న్యూగేల్ మధ్య ఎక్కుదిగుళ్లు గట్టిగా ఉంటాయి, తర్వాత రెండు మైళ్ల న్యూగేల్ ఇసుక.

ఇంకో సంగతి. ఆ తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. బాగా గాలి ఉన్న రోజు సూచన చూసుకుని ఆ రోజు నడకను ఈశాన్యం వైపు తిప్పుకోండి. ఏడు గంటలు ముఖానికి గాలి కొట్టడం, వీపున నెట్టడం ఒకటి కాదు. గాలి మరీ జోరైతే కొండ అంచు బాట మానేసి ఆ రోజు ఊళ్లోనే ఉండండి.

5. ఆటుపోట్లు చదవడం

పై ఐదు రోజుల్లో సముద్రం తగ్గేదాకా ఆగి దాటాల్సిన చోట్లు లేవు, ఈ ముక్కను ఎంచడానికి ఇంకో కారణం అది. దక్షిణానికి వెళితే మాత్రం డేల్ దగ్గర గాన్ వాగు, ఆ తర్వాత శాండీ హేవెన్ ఉన్నాయి. రెండింటినీ నీళ్లు తగ్గినప్పుడే అడుగుదారి మీదుగా దాటాలి. లేకపోతే చుట్టుదారి గాన్ దగ్గర రెండున్నర మైళ్లు, శాండీ హేవెన్ దగ్గర నాలుగు మైళ్లు.

లెక్క ఇలా వేయాలి. టైడ్ టేబుల్‌లో, అంటే ఆటుపోట్ల పట్టికలో, ఆ రోజు అత్యల్ప మట్టం 11:40 అని ఉందనుకోండి. ముందుగా ఆ పట్టిక జీఎంటీలో (బ్రిటన్ మామూలు టైమ్) ఉందా, గడియారాలు గంట ముందుకు జరిపిన వేసవి టైమ్‌లో ఉందా చూడండి. జీఎంటీ అయితే వేసవిలో గంట కలపాలి, అంటే 12:40. శాండీ హేవెన్‌ను సుమారుగా దీనికి రెండున్నర గంటలు ముందూ వెనకా దాటవచ్చు, అంటే 10:10 నుంచి 3:10 దాకా. ఆ ఐదు గంటల్లో కూడా నీళ్లు తగ్గుతున్న మొదటి సగంలోనే అక్కడికి చేరేలా ప్లాన్ చేయండి. ఆటు సమయంలో అరగంట ఆలస్యమైనా పర్వాలేదు, పోటు మొదలయ్యాక అరగంట ఆలస్యమైతే దారే ఉండదు. మర్నాడు ఈ టైములన్నీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. పోయిన వారం ఎవరో చెప్పిన టైమ్‌ను నమ్మి బయల్దేరొద్దు.

న్యూగేల్ లాంటి బీచ్‌ల మీద కూడా జాగ్రత్త. పోటు వచ్చేటప్పుడు కొండ కొమ్ము చుట్టూ ఇసుక మీదుగా అడ్డదారి వెతకొద్దు, అవతల చిక్కుకుపోతారు.

ఇంకా దక్షిణాన కాసిల్‌మార్టిన్ దగ్గర సైన్యం ఫైరింగ్ రేంజ్ ఉంది. కాల్పులున్న రోజుల్లో ఎర్రజెండాలు ఎగరేసి బాట మూసేస్తారు. టైములు ముందే ప్రకటిస్తారు, చూసుకుని వెళ్లండి.

6. కాళ్లు సిద్ధం చేసుకోవడం

కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. సమతలంగా ఉన్న పార్కు చుట్టూ తిరగడం ఈ బాటకు చాలదు, మెట్లు కావాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు అలిపిరి మెట్లదారి కన్నా మంచి ట్రైనింగ్ లేదు: 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. వైజాగ్ వాళ్లకు సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, రోజంతా కాళ్ల మీద ఉండటం ఎలా ఉంటుందో అది చెప్పేస్తుంది. ఎక్కడంతో పాటు దిగడం కూడా సాధన చేయండి. మోకాళ్లు నొప్పి పుట్టేది దిగేటప్పుడే, చేతికర్రలు ఉంటే చాలా తేడా తెలుస్తుంది.

బూట్లు కొత్తవి వద్దు. ఇంటి దగ్గర సంచీతో సహా వేసుకుని నడిచి అలవాటు చేసుకున్నవే వేసుకోండి. మడమ దగ్గర వెచ్చగా, రాసుకుంటున్నట్టు అనిపించిందంటే అక్కడికక్కడే ఆగాలి. బూటు, సాక్సు విప్పి, చెమట తుడిచి, చర్మం పూర్తిగా ఆరనివ్వండి. టేప్ ముక్క కత్తిరించి నాలుగు మూలలూ గుండ్రంగా చేయండి, మూల ఉంటే సాక్సుకు తగులుకుని ఊడిపోతుంది. ముడత లేకుండా అంటించి, పొడి సాక్సు వేసుకోండి. ఐదు నిమిషాల పని. "ఇంకో మైలేగా" అనుకుంటే బొబ్బ లేస్తుంది, మిగిలిన రోజులు కుంటుతూ నడవాలి.

7. సంచీ, తిండి

రోజు సంచీ ఐదారు కిలోలు దాటకూడదు. వాన ఆపే జాకెట్, ప్యాంటు, ఒక వెచ్చని పొర, టోపీ, రెండు లీటర్ల నీళ్లు, టేప్, విజిల్, టార్చి, పవర్ బ్యాంక్. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరదు. జూన్‌లో కూడా వాన జాకెట్ ఇంట్లో వదలొద్దు. గడ్డి, పొదల్లో నడిచాక సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుము దగ్గర టిక్ అనే చిన్న పురుగులు పట్టాయేమో చూసుకోండి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది.

శాకాహారులకు ఇబ్బంది పెద్దగా ఉండదు. బుక్ చేసేటప్పుడే చెబితే బీ అండ్ బీలో గుడ్లు, పుట్టగొడుగులు, బీన్స్, టోస్ట్ పెడతారు. గుడ్డు కూడా తినకపోతే స్పష్టంగా చెప్పండి. అసలు చిక్కు టైమ్‌తోనే. పబ్బుల్లో వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకు మూసేసి మళ్లీ ఆరుకు తెరుస్తారు, రాత్రి ఎనిమిదిన్నర దాటితే చాలాచోట్ల ఏమీ ఉండదు. కేఫ్‌లు నాలుగు, ఐదుకే కట్టేస్తారు. వంటగది ఉన్న హాస్టల్‌లో మకాం పెడితే పొద్దున్నే చింతపండు పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోవచ్చు. సాయంత్రం దాకా చెడదు, చల్లారినా రుచే.

8. ఆపద వస్తే

కొండ మీద, ఒడ్డున ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట మెసేజ్ పంపే సదుపాయం కూడా ఉంది, దానికి ముందే "రిజిస్టర్" అని ఇంగ్లీషులో 999కి మెసేజ్ పంపి నమోదు చేసుకోవాలి. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదండి. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోవాలి, ఆసుపత్రి ఖర్చు వాళ్లకు ఉచితం కాదు.

పొలాల్లో గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. దూడలతో ఉన్న ఆవుల మధ్య నుంచి వెళ్లకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. అంచు దగ్గర సెల్ఫీ వద్దు, పైన గడ్డి గట్టిగా కనిపించినా కింద మట్టి కోసుకుపోయి ఉండొచ్చు.

9. అమ్మానాన్నలు వచ్చి ఉంటే

వేసవిలో మన ఇళ్లకు పెద్దవాళ్లు వస్తారు. వాళ్లను ఇంట్లో వదిలి వెళ్లనక్కర్లేదు. మకాం పద్ధతిలో వాళ్లు పొద్దున్న సెయింట్ డేవిడ్స్ కెథెడ్రల్ చూసి, బస్సులో గానీ టాక్సీలో గానీ పోర్త్‌గైన్‌కు వచ్చి మధ్యాహ్న భోజనానికి మిమ్మల్ని కలుసుకోవచ్చు. న్యూగేల్ ఇసుక, దక్షిణాన బోషర్‌స్టన్ తామర చెరువుల చుట్టూ దారి వాళ్లు నడవగలిగినవే. తామరలు జూన్‌లో బాగా పూస్తాయి.

10. బుక్ చేసే వరుస

మొదట బస్సు టైమ్ టేబుల్, తర్వాత సెయింట్ డేవిడ్స్ గది, ఆ తర్వాత గుడిక్ గది, చివర రైలు. రైలు ముందు కొంటే తేదీలు ఇరుక్కుపోతాయి. లండన్ ప్యాడింగ్టన్ నుంచి హేవర్‌ఫర్డ్‌వెస్ట్‌కు దారిలో రైలు మారాల్సి వస్తుంది, మొత్తం ఐదు గంటలు వేసుకోండి. వెళ్లిన రోజు నడక పెట్టుకోవద్దు. చివరి రోజు బ్రాడ్ హేవెన్‌లో నడక ముగించి అదే సాయంత్రం రైలు పట్టుకోవాలనుకుంటే స్టేషన్ ఆరేడు మైళ్ల దూరంలో ఉంది. బస్సు దొరకని టైమ్ అయితే టాక్సీకి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ పల్లెల్లో అప్పటికప్పుడు టాక్సీ రాదు.